థార్ బోనెట్ కింద ఏఆర్‌బీ కంప్రెసర్: వాడి చూశాక నా మాట

ఇసుకలో బండి తిప్పేవాళ్లు టైర్లలో గాలి నింపే కంప్రెసర్ కొనేటప్పుడు డబ్బా మీద పెద్దగా వేసిన 150 పీఎస్‌ఐ (గాలి పీడనం కొలత) అంకె చూసి పడిపోవద్దు. మన టైర్లకు కావాల్సింది 30 పైచిలుకు అంతే. నిమిషానికి ఎంత గాలి తోస్తుంది, ఆగకుండా ఎంతసేపు తోస్తుంది, అదీ అడగాలి. అది అడిగే నా మహీంద్రా థార్ బండికి ఆస్ట్రేలియా కంపెనీ ఏఆర్‌బీ వాళ్ల ఒకే మోటారున్న 12 వోల్టుల కంప్రెసర్ పెట్టించాను.

జైసల్మేర్ దగ్గర సామ్ దిబ్బలెక్కే ముందు గాలి 15, 16కి దింపుతాం. టైరు పరుచుకుంటుంది, బండి కూరుకుపోదు. దింపడం తేలికే, తారురోడ్డు ఎక్కేటప్పుడే టెన్షన్. అంత తక్కువ గాలితో హైవే మీద వేగంగా పోతే టైరు పక్కలు వేడెక్కి చిరుగుతాయి. చుట్టుపక్కల పంక్చర్ షాపు ఉండదు. నా బండికున్న 255/65 ఆర్18 సైజు టైరును మళ్లీ 32కి తేవాలంటే ఒక్కోదానికి సుమారు 70 లీటర్ల గాలి పట్టాలి. ఇంతకుముందు నా దగ్గరున్న చిన్న మిషన్ సిగరెట్ లైటర్ సాకెట్‌తో నడిచేది. ఆ సాకెట్ ఇచ్చే కరెంటే తక్కువ, గాలి ఎక్కడినుంచి వస్తుంది? రెండో టైరుకే వేడెక్కి మొరాయించేది.

ఈ ఏఆర్‌బీ కంప్రెసర్‌ను నేరుగా బ్యాటరీకే కలుపుతారు. రిలే, స్విచ్, వైరింగ్ దాంతోనే వస్తాయి. టైరుకు పట్టే హోస్ కిట్ మాత్రం విడిగా కొనాలి, ఆ ఖర్చు ముందే లెక్కేసుకోండి. ఇంజన్ ఆన్‌లో ఉంచి పడితే నాలుగు టైర్లూ పావుగంటలో అయిపోతాయి. గాలి పోతున్నప్పుడు గేజి ముల్లు ఎక్కువ చూపిస్తుంది. ట్రిగ్గర్ వదిలి, ముల్లు నిలిచాక చదవాలి. హోస్ చివరి ఇత్తడి బిగింపు అప్పటికి బాగా కాలుతుంది, గుడ్డతో పట్టుకోండి.

బిగించే చోటు చాలా ముఖ్యం. మా మెకానిక్ భాయ్ కొలత పట్టుకుని బోనెట్ అంతా వెతికాడు. "ఎగ్జాస్ట్ వైపు వద్దు సార్, వేడికి పోతుంది. కంప్రెసర్ గాలి ఫిల్టర్‌కి పైపేసి పైకి లాగుదాం, వాగు దిగితే నీళ్లు పీల్చకూడదు" అన్నాడు. థార్ 650 మిల్లీమీటర్ల నీళ్లలో దిగే బండి కాబట్టి ఆ జాగ్రత్త తప్పనిసరి. దుమ్ములో తిరిగొచ్చాక ఆ ఫిల్టర్ కడిగి ఆరబెట్టి పెడుతున్నాను.

దీనితో కానిది ఒకటుంది. ఒరుసుకుని టైరు అంచు రిమ్ నుంచి జారిందంటే దాన్ని మళ్లీ కూర్చోబెట్టడానికి ఒక్కసారిగా గాలి దూకాలి. అది గాలి నిల్వచేసే ట్యాంకు ఉంటేనే సులువు. అందుకే కొందరు కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ మోస్తారు. అది క్షణాల్లో నింపుతుంది, నిజమే. కానీ 31 డిగ్రీలు దాటితే అందులోని ద్రవం ఇక ద్రవంగా ఉండదు, పీడనం బాగా పెరుగుతుంది. రెంటచింతల, రామగుండం ఎండల్లో మూసిన కారులో, పిల్లల వెనక సీటు పక్కన దాన్ని పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

ధర తక్కువేం కాదు. కంపెనీ టైర్లతో తిరిగే థార్, జిమ్నీలకు ఈ ఒకే మోటారుది సరిపోతుంది. 33 అంగుళాల టైర్లు వేసినవాళ్లు, గుంపులో అందరి బండ్లకూ గాలి పట్టేవాళ్లు మాత్రం రెండు మోటార్లదే తీసుకోండి. ఇది నిమిషానికి 60 లీటర్లకు కాస్త పైన తోస్తే అది 170 దాటుతుంది.