స్టాగ్‌హార్న్ ఫెర్న్‌కు ప్లైవుడ్ పలక కొనేముందు

స్టాగ్‌హార్న్ ఫెర్న్ (జింక కొమ్ముల్లాంటి ఆకులతో, పలకకు కట్టి గోడకు తగిలించి పెంచే మొక్క) మీద నాకు ఫిర్యాదేమీ లేదు, ఉన్నదంతా దాన్ని కట్టిన పలక మీదే. మొక్కను కట్టుకోవడానికి అమ్మే కిట్లలో నాచుతోపాటు ఇచ్చే ఆ నున్నటి ప్లైవుడ్ ముక్క మొదట్లో ముచ్చటగానే ఉంటుంది. రెండేళ్లు దాటేసరికి అంచుల్లో పొరలు విచ్చుకుంటాయి.

తప్పంతా నీళ్లు పెట్టే పద్ధతికీ ప్లైవుడ్‌కీ పడకపోవడంలో ఉంది. పలకతో సహా బకెట్లో పది పదిహేను నిమిషాలు ముంచి, నీరు కారిపోయాక గోడకు తగిలించమని అందరూ చెప్తారు. మొక్కకు అది మేలే. ప్లైవుడ్ మాత్రం కోసిన అంచుల్లోంచి నీరు పీల్చి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. ఇలా పదేపదే జరిగితే జిగురు వదిలేస్తుంది, వెనకున్న కొక్కెం స్క్రూలకు పట్టు పోతుంది. పైగా బరువు అత్యధికంగా ఉండేది ముంచి తగిలించిన రోజునే. నా పలక ఊడినప్పుడు కొక్కెమూ, దానికి అంటుకున్న పలచటి చెక్క పొరా గోడకే ఉండిపోయాయి. మిగతాదంతా మొక్కతో సహా నేల మీద.

పలక మార్చడం కుండీ మార్చినంత తేలిక కాదు. అప్పటికి డాలు ఆకులు (మొదట్లో పచ్చగా ఉండి తర్వాత గోధుమరంగుకు తిరిగి, చెక్కను కరుచుకునేవి) పలకకు అతుక్కుపోయి ఉంటాయి, వేళ్లు విచ్చుకున్న పొరల్లోకి దూరి ఉంటాయి. పీకితే డాలు చిరిగి, మధ్యలో కొత్త ఆకులు పుట్టే మొగ్గ దెబ్బతింటుంది. అందుకే పీకకూడదు. ఊడిపోతున్న పొరల్ని కత్తితో తీసేసి, మిగిలినదాన్ని మొక్కతో సహా ఇంకో పెద్ద పలక మీద పెట్టి కట్టెయ్యాలి. కొత్త పలక టేకులాంటి గట్టి చెక్కది, 2 సెంటీమీటర్ల మందంతో, పాతదానికంటే ప్రతి వైపూ కనీసం 8 సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి. చుట్టూ స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు సగం బయటకు ఉండేలా దింపి, వాటి మధ్య ఫిషింగ్ లైన్ అడ్డదిడ్డంగా బిగించాలి. లైన్ ఎండిన డాళ్ల మీదుగా పోవచ్చు, మొగ్గ మీదుగా పోకూడదు. రాగి తీగ వద్దు, రాగి ఫెర్న్‌లకు పడదు. పురుగు పట్టకుండా రసాయనం ఎక్కించిన చెక్కలోనూ చాలాసార్లు అదే ఉంటుంది. అంచుల్లో తడి నాచు కూరితే చాలు, తర్వాత వచ్చే డాళ్లే కొత్త చెక్కను పట్టుకుంటాయి. కొక్కేలు కొత్త పలకకు రెండు పెట్టి, వెనక సన్నటి చెక్క పట్టీలు కొడితే గోడకీ పలకకీ మధ్య గాలి ఆడుతుంది. ఇది చేయకపోతే గోడకు బూజు పడుతుంది.

స్ఫాగ్నం నాచును (తడిని బాగా పట్టి ఉంచే నాచు) ఆకాశానికెత్తేవాళ్లలో నేనూ ఉన్నాను. కొత్తగా కట్టిన మొక్క వేరు పట్టడానికి అది బాగా పనికొస్తుంది. కానీ డాళ్లు పొరలు పొరలుగా పేరుకున్నాక తడి పట్టే పని అవే చేస్తాయి. ముసురు రోజుల్లో పైనుంచి ఇంకా నాచు కూరితే మొదలు నల్లబడి మెత్తబడుతుంది. ఆ నలుపు కుళ్లే. కొమ్ము ఆకులు (జింక కొమ్ముల్లా చీలి ముందుకు సాగేవి) వాలిపోవడం ఎక్కువసార్లు దాహం. ఈ రెండింటినీ కలగలిపి నీళ్లు ఇంకా పోసేవాళ్లే ఎక్కువ. పలక ఎత్తి చూస్తే బరువును బట్టి తేడా చేతికే తెలిసిపోతుంది. ఆకుల మీది తెల్లటి నూగును దుమ్మనుకుని తుడవకండి, ఆకు తడారిపోకుండా కాపాడేది అదే. కొమ్ముల కొసల అడుగున కనిపించే గోధుమరంగు మచ్చ సిద్ధబీజాలు (ఫెర్న్‌కు విత్తనాల్లాంటివి), తెగులు కాదు.

ఇప్పటికే ప్లైవుడ్ మీద ఉన్నవాళ్లు ముంచడం మానేసి, డాళ్ల పైఅంచుకూ పలకకూ మధ్య ఉండే సందులో నెమ్మదిగా నీళ్లు పోయడం మంచిది. ఇళ్లలో ఎక్కువగా పెంచే బైఫర్కేటం రకంలో ఆ అంచు పైకి లేచి ఉంటుంది కాబట్టి నీరు నేరుగా వేళ్లకు చేరుతుంది. నాది నీడ పట్టున, చూరు కింద, చేతికందే ఎత్తులో ఉన్న గోడ. వాన నేరుగా కొట్టే చోటైతే గట్టి చెక్క కూడా ఎన్నాళ్లు ఆగుతుందో నేను హామీ ఇవ్వలేను. ఏడాదిలోపే ఎవరికో పిలక ఇచ్చెయ్యాలనుకుంటే మాత్రం ప్లైవుడ్ ముక్కే చాలు, గట్టి చెక్క పలకకు డబ్బు పెట్టక్కర్లేదు.