పాత ఫెరారీ కార్లలో డీనో 246నా, 308 జీటీబీనా? చెన్నైలో ఉండేవాళ్లకి ఏది మేలు?

50 ఏళ్లు దాటిన పాత కార్లను లైసెన్స్ లేకుండానే దిగుమతి చేసుకోవచ్చని 2025లో కేంద్రం రూలు మార్చింది. అప్పటినుంచి విదేశాల్లో అమ్మకానికున్న పాత ఫెరారీల మీద మనవాళ్ల కన్ను పడుతోంది. సుంకం వింటే గుండె గుభేలుమంటుంది. పైగా తెచ్చాక ఇక్కడ అమ్మడానికి లేదు. అంటే, కొంటే కడదాకా ఉంచుకోవాల్సిందే.

సీట్ల వెనక ఇంజిన్ ఉండే ఇటాలియన్ బండ్లలో నా మనసు రెండింటి మీదే ఉంది: 1969 నుంచి 74 దాకా వచ్చిన డీనో 246 జీటీ, 1975లో పారిస్ షోలో విడుదలైన 308 జీటీబీ. 328 కూడా మంచిదే కానీ అది 1985 మోడల్, దాని వంతు రావడానికి ఇంకా టైముంది.

అందంలో డీనోదే పైచేయి, అందులో వాదనే లేదు. 2.4 లీటర్ల వీ6, 195 హార్స్‌పవర్. ఇంజిన్ వాల్వులు సరైన వేళకి తెరుచుకుని మూసుకునేలా తిప్పడానికి దాంట్లో చైన్ వాడారు. 308లో ఉన్నది బెల్టులు. వేళకి మార్చకపోతే తెగి వాల్వులు వంగిపోతాయి, ఆ ఖర్చు మామూలుగా ఉండదు. ధర దగ్గర మాత్రం డీనో అందనంత ఎత్తులో ఉంటుంది.

అయినా చెన్నైకి 308 అంటాను, అదీ మొదట్లో వచ్చినదే. సముద్రం పక్కనుండే బెసెంట్ నగర్‌లో కిటికీ ఊచలు ఏమవుతాయో చూసినవాళ్లకి ఉప్పుగాలి గురించి వేరే చెప్పక్కర్లేదు. డీనో బాడీ స్టీలు. పైన పెయింట్ తళతళలాడుతున్నా తలుపుల కింద, చక్రాల చుట్టూ తుప్పుని పుట్టీతో కప్పేసి ఉండొచ్చు. అక్కడ అయస్కాంతం పెట్టి చూడండి, పట్టుకోకపోతే లోపల పుట్టీయే. 308కి 1977 దాకా ఫైబర్‌గ్లాస్ బాడీ వేశారు, ముందు మూత అల్యూమినియం. దీనికి అయస్కాంతం అంటుకుంటే అనుమానపడాలి! ముందు అద్దం పక్క స్తంభం పైకప్పుతో కలిసే చోట సన్నగా ఒక అతుకు గీత కనిపిస్తుంది, ఫైబర్ బండికి అదే గుర్తు. బాడీని మోసే ఛాసిస్ గొట్టాలు మాత్రం ఉక్కువే, బండిని లిఫ్ట్ ఎక్కించి కింద చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు.

వింటేజ్ కింద వీఏ నంబరు ప్లేటు తీసుకుంటే రోజూ తిప్పడం కుదరదు. ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోలు, రిపేరు, అంతే. అంటే బండి ఎక్కువగా షెడ్డులోనే ఉంటుంది, స్టీలుకి అక్కడి తేమే శత్రువు.

పెట్రోలు టెన్షన్ రెండింటికీ ఒకటే. పెట్రోలుని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే వెబర్ కార్బ్యురేటర్లు డీనోకి మూడు, 308కి నాలుగు. 20 శాతం ఇథనాల్ కలిసిన మన పెట్రోలుకి పాత రబ్బరు పైపులు పాడైపోతాయి. వేడి ఇంజిన్ మీద చుక్క కారితే మంటే. బండి దిగగానే ముందు అవి మార్పించాలి.

అదే బెంగళూరులో ఇల్లుండి, డబ్బుకి వెనకాడనివాళ్లు అడిగితే డీనోనే కొనమంటాను.