కొంగ రెక్కకి రంగు వేయలేదు

టోక్యోలో ఉన్న నాలుగు రోజుల్లో మూడు రోజులు చెక్క పలకలతో కాగితం మీద అచ్చు వేసిన బొమ్మల కోసమే తిరిగాం. పూలు, పక్షుల బొమ్మల్ని అక్కడ కచో-ఎ అంటారు. పాతకాలపు జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ గీసిన పెద్ద అల అందరికీ తెలుసు. నాకు మాత్రం ఆయన పియోనీ పూలే ఇష్టం. గాలికి రేకులన్నీ ఒక పక్కకి ఒరిగిపోతుంటాయి, పక్కనే సీతాకోకచిలుక ఆ గాలికే తూలుతుంటుంది.

ముందు ర్యోగోకులోని సుమిదా హొకుసాయ్ మ్యూజియానికి వెళ్లాం. 2016లో తెరిచారు. శాశ్వత ప్రదర్శనలో ఎక్కువగా నకళ్లే ఉంటాయి. పిల్లలతో వెళ్తే బాగుంటుంది కానీ, అసలు ప్రింట్ల కోసమైతే ప్రత్యేక ప్రదర్శన ఉన్నప్పుడే వెళ్లండి. హరాజుకులోని ఓటా మెమోరియల్ మ్యూజియం నాకు ఇంతకన్నా నచ్చింది. షాపింగ్ సందడి వెనకే ఉన్నా, లోపల నిశ్శబ్దం. వెలుతురుకి రంగులు వెలిసిపోతాయని బొమ్మల్ని తరచూ మారుస్తారు, మార్చే రోజుల్లో మూసేస్తారు. తేదీలు చూసుకోకుండా బయల్దేరకండి.

బస అసాకుసాలో. గది ఇరుకు, స్టేషన్ దగ్గర. శాకాహారం అని ముందే రాసినా పొద్దున సూప్‌లో చేపల రసం కలిపే ఇచ్చారు, అడిగితే గానీ చెప్పలేదు. అది బాధనిపించింది.

అసలు సంగతి జింబోచో పాత పుస్తకాల వీధిలో జరిగింది. ఒక చిన్న షాపులో పెద్దాయన సొరుగు లాగి, ఒహరా కొసోన్ (1877–1945) వేసిన మంచులో తెల్ల కొంగ బొమ్మ తీశారు. ఎదురుగా చూస్తే రెక్క ఉత్త తెలుపు. ఆయన కాగితాన్ని కిటికీ వైపు కాస్త వంచారు. ఒక్కో ఈకా పైకి లేచింది! అక్కడ రంగే లేదు. ఈకలు చెక్కిన పలకకి రంగు పూయకుండా, తడి కాగితం పరిచి గట్టిగా రుద్దుతారు. ఆ ఒత్తిడికి కాగితమే ఈక అవుతుంది. దీన్ని కరజురి అంటారు. మన పెడన అద్దకంలో అచ్చుని గుడ్డ మీద కొడతాం, ఇక్కడ కాగితాన్నే పలక మీద పరుస్తారు. రంగుకో పలక మాత్రం రెండు చోట్లా ఉంది. మ్యూజియం అద్దం వెనక ఈ ఈకలు నాకు ఒక్కసారీ కనబడలేదు. అందుకే ఒక పూటే ఉన్నా జింబోచోకే వెళ్లమంటాను. ముట్టుకునే ముందు అడగండి, వాళ్లే ఓపిగ్గా చూపిస్తారు.

పాతది కొనే స్థోమత లేక, అదే బొమ్మ తర్వాతి ముద్రణ ఒకటి తీసుకున్నాను. రెండు అట్టల మధ్య పెట్టి కట్టిచ్చారు. ఇంట్లో ఎండ పడని గోడకి, పక్కనుంచి వెలుతురు తగిలేలా పెట్టాను.