ఐదంగుళాల మానిటర్లు: పెట్టెలు బానే ఉన్నాయి, కుర్చీయే తప్పు చోట ఉంది

ముందే చెప్పేస్తా, నేను సౌండ్ ఇంజనీర్‌ని కాదు. పగలు ఉద్యోగం, రాత్రిళ్ళు పడకగదిలో ఓ మూల గిటార్, ఒక మైకు, మైకునీ గిటార్‌నీ కంప్యూటర్‌కి కలిపే రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్, ఇదే నా స్టూడియో. మానిటర్లంటే ఇక్కడ తెరలు కాదు, పాటలు మిక్స్ చేసుకోవడానికి వాడే స్పీకర్లు. యమహా హెచ్ఎస్5 జత వాడబట్టి రెండేళ్ళు దాటింది, అంతకుముందు ప్రీసోనస్ ఈరిస్ 3.5 ఉండేవి, మధ్యలో ఆడమ్ టీ5వీ, కాలీ ఎల్పీ-6, జేబీఎల్ 305పీ మార్క్ 2 తెలిసినవాళ్ళ దగ్గర అడిగి తెచ్చుకుని నా గదిలోనే పెట్టి తలా కొన్ని రోజులు విన్నా. తక్కువ డబ్బుల్లో మానిటర్లు ఏవి తీసుకోవాలి అని ఈమధ్య ఒకరి తర్వాత ఒకరు అడుగుతుంటే అందరికీ విడివిడిగా చెప్పలేక ఇదంతా ఒకచోట రాస్తున్నా.

అసలు కథ హెచ్ఎస్5 కొన్న మొదటి నెలలో మొదలైంది. ఫ్రెండ్ పాట ఒకటి మిక్స్ చేశా, కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) ఎంత పెంచినా చాలట్లేదనిపించింది, బేస్ గిటార్ కూడా ఎక్కడో పక్కింట్లో వాయిస్తున్నట్టే ఉంది, సరే అని రెండూ పెంచుకుంటూ పోయా. పాట పంపించిన అరగంటకి వాడు కార్లోంచి ఫోన్ చేసి "ఏంట్రా ఇది, పాట పెట్టమంటే లారీ ఇంజన్ పెట్టావ్, డోర్లు అదిరిపోతున్నాయ్" అన్నాడు. నాకు వెంటనే స్పీకర్ల మీద కోపం వచ్చింది. ఆడలేక మద్దెల ఓడు అన్నారు కదా, సరిగ్గా అదే. ఐదంగుళాల వూఫర్‌కి (స్పీకర్‌లో కింది శబ్దాలు పలికే పెద్ద కోన్) బేస్ రాదులే, ఎనిమిదంగుళాలవి కొనుంటే పోయేది అని రెండు రోజులు ఏడ్చుకున్నా.

తర్వాత ఎవరో చెప్తే ఒక సైన్ వేవ్ (ఒకే ఒక్క ఫ్రీక్వెన్సీ ఉండే శబ్దం) పెట్టి 40 హెర్ట్జ్ నుంచి 200 దాకా మెల్లగా పెంచుకుంటూ విన్నా. 57, 58 దగ్గరికొచ్చేసరికి శబ్దం దాదాపు మాయమైపోయింది. స్పీకర్ పనిచేస్తోంది, వూఫర్ మీద వేలు పెడితే కదలిక తెలుస్తోంది, చెవికి మాత్రం ఏమీ లేదు. కుర్చీలోంచి లేచి వెనక గోడ దగ్గరికెళ్తే అదే నోటు గుయ్యిమని పొట్టలో కొడుతోంది! లెక్క చూస్తే సింపులే, నా గది పొడవు 3 మీటర్లు, ధ్వని వేగం సెకనుకి 343 మీటర్లు, దాన్ని పొడవుకి రెట్టింపుతో అంటే 6తో భాగిస్తే 57 వస్తుంది. ఆ ఫ్రీక్వెన్సీ రెండు గోడల మధ్య ఊయలలా నిలబడిపోతుంది, గోడల దగ్గర బలంగా ఉంటుంది, సరిగ్గా మధ్యలో ఉండదు. నేను కూర్చున్నది సరిగ్గా మధ్యలో. కిక్ డ్రమ్ ఒళ్ళంతా ఉండేది ఆ 50, 60 చుట్టూనే. ఇంక ఎన్ని అంగుళాల వూఫర్ తెస్తే మాత్రం ఏం లాభం, లేని చోట కూర్చుని లేదని ఏడవడమేగా.

కుర్చీ ముందుకి జరిపా. గది పొడవులో ముందు గోడ నుంచి 38 శాతం దగ్గర కూర్చోమని ఒక లెక్క చెప్తారు, అది వేదవాక్కేం కాదు గానీ మొదలుపెట్టడానికి పనికొస్తుంది, నా గదికి అది దాదాపు 1 మీటరు 15 సెంటీమీటర్లు. రెండు స్పీకర్ల మధ్య 90 సెంటీమీటర్లు, ఒక్కోదాని నుంచి నా తలకి కూడా అంతే, ట్వీటర్లు (పై శబ్దాలు పలికే చిన్న భాగాలు) చెవి ఎత్తులో, మొహాలు నావైపు తిప్పి. అదే పాట మళ్ళీ ప్లే చేస్తే నా సొంత కిక్‌కి నేనే ఉలిక్కిపడ్డా. నాలుగు డీబీ (డెసిబెల్, శబ్దం ఎంత గట్టిదో చెప్పే కొలత) తగ్గించా. మానిటర్లు మార్చలేదు, పైసా ఖర్చు లేదు.

ఇక హెచ్ఎస్5 సంగతి. ఐదంగుళాల వూఫర్, ఒక అంగుళం డోమ్ ట్వీటర్, వూఫర్‌కి 45 వాట్లు ట్వీటర్‌కి 25 వాట్లు విడివిడి ఆంప్లిఫయర్లు, చిన్న గదిలో ఇది చాలా ఎక్కువే, నేను సగం కూడా వాడను. తెల్ల కోన్ చూసి చాలామంది ఇది పాత ఎన్ఎస్-10 కి వారసుడు అంటారు. ఆ ఎన్ఎస్-10 కథ తమాషాగా ఉంటుంది, 1978లో ఇంట్లో పాటలు వినడానికని వచ్చింది, అలా పెద్దగా ఎవరికీ నచ్చలేదు, స్టూడియోవాళ్ళు మాత్రం ఎగబడ్డారు, ట్వీటర్ మరీ గుచ్చుతోందని దానిమీద టిష్యూ పేపర్ అంటించుకుని మరీ వాడారు, 2001లో తయారీ ఆపేసేదాకా ప్రతి స్టూడియోలోనూ ఉండేది. కాకపోతే అది మూసిన పెట్టె, హెచ్ఎస్5కి వెనకాల పోర్ట్ (బేస్ పెరగడానికి పెట్టెకి పెట్టే గాలి రంధ్రం) ఉంది, కాబట్టి వారసత్వం రంగు దగ్గరే ఎక్కువ అని నా అభిప్రాయం.

వినడానికి ఎలా ఉంటుందంటే, ముచ్చటగా ఉండదు. గొంతు మొహం మీదకొచ్చి నిలబడుతుంది. వోకల్‌లో స, ష అక్షరాలు కొంచెం చురుక్కుమన్నా, రెండు గిటార్లు ఒకే చోట తోసుకుంటున్నా వెంటనే పట్టిస్తుంది. మిక్స్ చేసేవాడికి కావాల్సింది అదేగా, సాయంత్రం కాఫీ తాగుతూ పాటలు వినడానికైతే నేను వీటిని చచ్చినా కొనమని చెప్పను. ఈరిస్ 3.5లో ఇదే పాట హాయిగా ఉండేది, తప్పులన్నీ దుప్పటి కప్పుకుని పడుకునేవి.

బేస్ దగ్గర నిజం చెప్పుకోవాలి. డబ్బా మీద 54 హెర్ట్జ్ నుంచి అని ఉంటుంది, కానీ అది 10 డీబీ పడిపోయాక లెక్క. 3 డీబీ లెక్కన చూస్తే 74 నుంచి. ఏ కంపెనీది చూసినా సరే ఈ రెండు అంకెల్లో ఏది రాశారో చూడకుండా పోల్చుకోవద్దు, ఒకరిది పది డీబీ లెక్క ఇంకొకరిది మూడు డీబీ లెక్క పెట్టుకుని ఇది గొప్ప అది తక్కువ అని వాదించుకుంటుంటారు జనం. బేస్ గిటార్‌లో అన్నిటికంటే లావుపాటి తీగ (E) 41 హెర్ట్జ్, అంటే హెచ్ఎస్5లో మీరు వినేది అసలు నోటు కాదు, దానికి రెట్టింపు 82 దగ్గరుండే దాని నీడ. చెవి ఆ నీడని పట్టుకుని అసలు నోటుని ఊహించేసుకుంటుంది కాబట్టి ఏ నోటు వాయిస్తున్నాడో తెలుస్తుంది, ఎంత బరువుగా ఉందో మాత్రం తెలీదు. ఆ కిందభాగం నేను హెడ్‌ఫోన్స్‌లో చూసుకుంటా. సబ్ వూఫర్ కొనాలని చాలాసార్లు అనిపించింది, ఇంత చిన్న గదిలో ఇంకో తలనొప్పి ఎందుకని ఆగా.

వెనకాల రెండు స్విచ్‌లు ఉంటాయి, వీటిని చాలామంది కొన్న రోజున ఒకసారి చూసి మళ్ళీ ముట్టుకోరు. రూమ్ కంట్రోల్ అనేది 500 హెర్ట్జ్ కింద 2 గానీ 4 గానీ డీబీ తగ్గిస్తుంది, హై ట్రిమ్ అనేది 2 కిలోహెర్ట్జ్ పైన 2 డీబీ పెంచడమో తగ్గించడమో చేస్తుంది. నా స్పీకర్ల వీపుకీ గోడకీ మధ్య జానెడు కూడా లేదు, గోడ దగ్గరుంటే బేస్ ఉబ్బుతుంది, అందుకే రూమ్ కంట్రోల్ మైనస్ 2లో పెట్టా. గోడకి దూరం జరపొచ్చుగా అంటారేమో, జరిపి చూశా. స్పీకర్ మొహం గోడకి ఒక మీటరు దూరంలో ఉంటే గోడకి తగిలి తిరిగొచ్చే శబ్దం 86 హెర్ట్జ్ దగ్గర అసలు శబ్దాన్నే కొట్టేస్తుంది, అక్కడ గొయ్యి పడుతుంది, ఈక్యూతో (ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచే, తగ్గించే సాధనం) ఎంత పోసినా ఆ గొయ్యి నిండదు. గోడకి దగ్గర పెడితే ఆ గొయ్యి 200 పైకి ఎక్కుతుంది, అక్కడైతే స్పీకర్ వెనకాల శబ్దాన్ని పీల్చుకునే మందపాటి రాక్‌వూల్ ప్యానెల్ ఒకటి పెట్టి కొంత మచ్చిక చేసుకోవచ్చు. చిన్న గదిలో గోడకి ఆనించినంత దగ్గర పెట్టడమే నయం, మధ్యరకం దూరమే అన్నిటికంటే చెడ్డది.

ఫోమ్ గురించి ఒక్క ముక్క. అంగుళం మందం ఫోమ్ గోడంతా అంటిస్తే పైన గొంతులో మెరుపు పోతుంది, కింద బేస్ ఎప్పట్లాగే గంతులేస్తుంది. నేనూ అంటించా, పీకేశా, పెయింట్ కూడా ఊడొచ్చింది.

మిగతా జతలు. ఆడమ్ టీ5వీ ట్వీటర్ మడతలు పడిన రిబ్బన్‌లా ఉంటుంది, పైన వివరం చాలా మెత్తగా వస్తుంది, మూడు గంటలు పనిచేసినా చెవి అలిసిపోదు, కింద కూడా హెచ్ఎస్5 కంటే ఒక మెట్టు దిగుతుంది, 45 అంటారు. ఇవాళ మళ్ళీ మొదట్నుంచి కొనాలంటే నా చెయ్యి బహుశా దీని మీదకే వెళ్తుంది. ఇన్‌పుట్లు మాత్రం ఎక్స్ఎల్ఆర్ (మైకులకుండే మూడు పిన్నులది), ఆర్సీఏ (పాత టీవీల వెనకాల ఉండేది) మాత్రమే, టీఆర్ఎస్ (గిటార్ జాక్ లాంటిదే, మొన మీద రెండు గీతలుండేది) రంధ్రం లేదు, కేబుల్ చూసుకుని కొనండి. కాలీ ఎల్పీ-6కి ఆరున్నర అంగుళాల వూఫర్, పోర్ట్ ముందువైపు, వెనకాల చిన్న చిన్న స్విచ్‌లు, గోడ దగ్గరా, స్టాండ్ మీదా, టేబుల్ మీదా అని బొమ్మలేసి మరీ ఏది ఎలా పెట్టాలో చూపించాడు, అది నాకు తెగ నచ్చింది, కానీ పెట్టె పెద్దది, నా టేబుల్ మీద ఏనుగు కూర్చున్నట్టుంది. జేబీఎల్‌లో ట్వీటర్ చుట్టూ ఉన్న ఆ గుంత వల్ల తల అటూ ఇటూ కదిపినా శబ్దం పెద్దగా మారదు, పక్కన ఇంకొకరు కూర్చుని వింటారనుకుంటే ఇది మంచి ఛాయిస్. కేఆర్కే రోకిట్ 5 నేను ఇంటికి తెచ్చుకోలేదు, వేరేచోట గంటసేపు విన్నదాన్నిబట్టి తీర్పు చెప్పను. ఈరిస్ 3.5 గానీ ఆ సైజువి గానీ మరీ ఇరుకు టేబుల్ ఉన్నవాళ్ళకి, ఆంప్ ఒక పెట్టెలోనే ఉంటుంది, రెండోదానికి మామూలు వైరు లాగాలి, ముందు హెడ్‌ఫోన్ జాక్ ఉంటుంది, మొదలుపెట్టేవాళ్ళకి చాలు.

పోర్ట్ ముందుంటే గోడకి ఆనించొచ్చు, వెనకుంటే కుదరదు అని ఒక మాట తిరుగుతుంటుంది. సగమే నిజం. పోర్ట్‌కి గాలి ఆడటానికి బెత్తెడు ఖాళీ ఉంటే చాలు, గోడ వల్ల బేస్ ఉబ్బడం మాత్రం పోర్ట్ ఎటున్నా తప్పదు.

ఒక పరువు తక్కువ సంగతి కూడా చెప్పాలి. కొన్న కొత్తలో రెండు స్పీకర్లలోంచీ జుయ్యిమని సన్నగా హమ్, మౌస్ కదిపితే దానికి తగ్గట్టు కీచుకీచు. పీస్ పోయింది, తిరిగిచ్చేద్దామని డబ్బా కూడా సర్దేశా. తీరా చూస్తే నేను పెట్టింది గిటార్ కేబుళ్ళు, మొన మీద ఒక్క నల్ల గీతే ఉండేవి. రెండు గీతలుండే టీఆర్ఎస్ కేబుళ్ళు మార్చగానే హమ్మూ లేదు కీచూ లేదు. తిరిగిచ్చే ముందు ఎవరైనా ఇది చూసుకోండి దయచేసి. హమ్ వేరు, హిస్ వేరు, తక్కువ రకం మానిటర్లలో పాట ఏదీ లేనప్పుడు ట్వీటర్ దగ్గర చెవి పెడితే సన్నగా స్‌స్‌స్ అని ఉంటుంది, అది కేబుల్‌తో పోదు, మీరు కూర్చునే దూరంలో వినపడితేనే లెక్కలోకి తీసుకోండి. ఇంకో చిన్న జాగ్రత్త, కొన్ని మోడళ్ళు విడిగా ఒక్కోటి అమ్ముతారు, కొన్ని జతగా, ధర చూసి అబ్బ ఎంత చవకో అనుకునే ముందు అది ఒకదానికా రెండిటికా చూడండి. అలాగే మొత్తం డబ్బు పెట్టెల మీదే పోసెయ్యకండి, స్టాండ్లకీ కేబుళ్ళకీ నాలుగు ప్యానెళ్ళకీ కొంత ఉంచుకోండి.

విని కొనే అవకాశం ఉంటే మీకు కంఠతా వచ్చిన పాటలు నాలుగు పట్టుకెళ్ళండి, అందులో ఒకటి మోనోలో (రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వచ్చేలా) పెట్టండి. గొంతు రెండు స్పీకర్ల మధ్య గాల్లో ఒక్క చుక్కలా నిలబడాలి, వెడల్పుగా పరుచుకుంటే ఆ జతో, ఆ గదో, మీరు కూర్చున్న చోటో ఏదో ఒకటి తేడాగా ఉంది. రెండు జతలు పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానం చెయ్యండి, కాస్త గట్టిగా మోగేదే మంచిదనిపిస్తుంది చెవికి, గట్టిగా పెడితే బేస్ ఎక్కువున్నట్టు కూడా వినిపిస్తుంది. నేను ఇంట్లో ఫోన్ యాప్‌తో కొలిచి 75 డీబీ చుట్టూ పెట్టుకుని నాబ్ దగ్గర ఒక చుక్క గీసుకున్నా, రాత్రయితే ఇంకా తగ్గిస్తా, పెంచడం మాత్రం లేదు.

కుర్చీ కాళ్ళున్న చోట నేలమీద కూడా నాలుగు టేపు ముక్కలు అంటించా. మొన్న ఎవరో గది ఊడ్చి కుర్చీని ఓ అడుగు వెనక్కి పెట్టినట్టున్నారు, నేను చూసుకోకుండా కూర్చుని ప్లే కొట్టా. రెండో కిక్‌కే లేచి కిందకి వంగి టేపులు వెతుక్కున్నా.