మాట వినే ఇల్లు కొనేముందు: విజయవాడ, గుంటూరు కొనుగోలుదారులకు జాగ్రత్త హెచ్చరిక

మాట చెబితే దీపాలు వెలిగి ఫ్యాన్లు తిరిగే ఏర్పాటును ఇంటి మొత్తానికి ఒకేసారి బిగించుకోవాలని చూస్తున్న విజయవాడ, గుంటూరు వాసులు అడ్వాన్సు ఇచ్చేముందు ఒక్కసారి ఇది చదవాలని కోరుతున్నాను. పటమటలోని మా మూడు పడకగదుల ఫ్లాటుకు 1,38,000 రూపాయలు పెట్టి చేయించుకున్న ఏర్పాటు పది నెలలు తిరగకుండానే మూలపడింది. డబ్బు పోయిన బాధ ఎలాగూ ఉంది. అంతకు మించి, ఆ స్విచ్చులు పనిచేయక మా అమ్మ అర్ధరాత్రి చీకట్లో పడింది, ఆ తరువాత వాటిని ఊడదీసి చూస్తే గోడలోపల ఏ రోజైనా ప్రాణం మీదికి తేగల వైరింగు బయటపడింది. ఫిర్యాదు నడుస్తున్నందున అమ్మిన సంస్థ పేరు రాయడం లేదు. ఇదే పద్ధతిలో అమ్మేవారు ఊళ్లో ఇంకా ఉన్నారు కాబట్టి పేరు కన్నా పద్ధతి తెలియడమే మీకు ముఖ్యం.

అమ్మకు 74 ఏళ్లు. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. రాత్రి చలి వేస్తే ఫ్యాను తగ్గించడానికి కూడా ఆమె మంచం దిగి, గోడ పట్టుకుని, తలుపు దాకా నడవాలి. పడుకున్న చోటు నుంచే "ఫ్యాను ఆపు" అంటే ఆగిపోయే సౌకర్యం అలాంటివారికి ఎంత మేలో వేరే చెప్పనక్కర్లేదు. నేను ఆ మేలు కోసమే కొన్నాను, ఇప్పటికీ ఆ సాంకేతికత మీద నాకు విరోధం లేదు. దుకాణంలో అమ్మకందారు తన ఫోను తీసి, "హాల్లో లైటు వెయ్యి" అని తేట తెలుగులో అన్నాడు. ఎదురుగా గోడకు బిగించిన నమూనా బోర్డు మీద దీపం వెలిగింది. అమ్మకు ఇంగ్లిషు రాదని చెబితే, "తెలుగులోనే మాట్లాడుకోవచ్చండీ, ఇబ్బందేమీ ఉండదు" అని వాట్సాప్‌లో కూడా రాసి పంపాడు. ఆ ఒక్క మాటకే నేను 70 శాతం ముందే కట్టేశాను.

ఆయన తెలుగులో మాట్లాడింది ఫోనులోని యాప్‌తో. మా ఇంట్లో పెట్టింది మాత్రం మాట విని పనిచేసే స్పీకరు. ఆ రెండింటికీ ఉన్న తేడా ఆయన చెప్పలేదు, నాకు అడగాలని తోచలేదు. అమెజాన్ సంస్థ అలెక్సా స్పీకర్లు మన దేశానికి 2017లో ఇంగ్లిషుతో వచ్చాయి, హిందీ 2019లో చేరింది. గూగుల్ స్పీకరు 2018లో వచ్చింది. ఫోన్లలో తెలుగు చేరినంత మాత్రాన స్పీకర్లలోనూ చేరినట్టు కాదు. మా ఇంటికి వచ్చిన స్పీకరులో ఎంచుకోగల భారతీయ భాష హిందీ ఒక్కటే. అమ్మ మొదటి రోజున దాని ముందు కూర్చుని, పక్కింటి పిల్లను బతిమాలినట్టు, "లైటు వెయ్యమ్మా" అని మూడుసార్లు అడిగింది. అది మూడుసార్లూ అర్థం కాలేదని ఇంగ్లిషులో చెప్పింది. చివరికి నేను ఒక అట్టముక్క మీద "టర్న్ ఆన్ బెడ్‌రూమ్ లైట్", "టర్న్ ఆఫ్ బెడ్‌రూమ్ ఫ్యాన్" అని తెలుగు లిపిలో రాసి మంచం పక్కన అతికించాను. పాపం, ఆమె ఎక్కాల పుస్తకంలా దాన్ని వల్లె వేసి నేర్చుకుంది.

ఈ భాష సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ వాడుకలో ఇదే అసలు చిక్కు. మనం దీపం పెడతాం, లైటు వేస్తాం. ఫ్యాను ఆపేస్తాం, కట్టేస్తాం, తీసేస్తాం. అమ్మలాంటివారు దీపాన్ని "ఆర్పెయ్యి" అనడానికి నోరు రాక "కొండెక్కించు" అంటారు. స్పీకరుకు మాత్రం యాప్‌లో మనం ఏ గదికి, ఏ పరికరానికి ఏ పేరు పెట్టామో సరిగ్గా ఆ పేరే వినిపించాలి. "వసారా లైటు" అంటే దానికి ఒకలా, "బాల్కనీ లైట్" అంటే ఇంకొకలా వినబడుతుంది. పైన ఫ్యాను జోరుగా తిరుగుతున్నప్పుడు, టీవీ మోగుతున్నప్పుడు రెండు మూడు సార్లు చెప్పవలసి వచ్చేది. కాబట్టి ఇంట్లో పెద్దవారి కోసం కొనేవారు వారినే దుకాణానికి తీసుకువెళ్లి, వారి నోటితో, వారి మాటల్లో, వారి ఇంటికి రాబోయే స్పీకరుతోనే చెప్పించి చూడాలి. అమ్మకందారు ఫోనుతో చూపించేది లెక్కలోకి తీసుకోకండి.

ఇక పనిచేసే తీరు. "అలెక్సా" లాంటి, మనం దాన్ని పిలిచే పేరును మాత్రమే స్పీకరు తనంతట తాను గుర్తుపడుతుంది. ఆ తరువాతి మాట సాధారణంగా ఇంటర్నెట్ ద్వారా స్పీకరు సంస్థ సర్వర్లకు వెళుతుంది, అక్కడ దాని అర్థం తేలుతుంది, అక్కడి నుంచి స్విచ్చులు చేసిన సంస్థ సర్వరుకు కబురు అందుతుంది, ఆ సర్వరు మన ఇంటి వైఫై ద్వారా గోడలోని స్విచ్చుకు చెబుతుంది. మంచానికి ఆరడుగుల దూరంలో ఉన్న దీపం వెలగాలంటే మాట ఇంత ప్రయాణం చేసి తిరిగి రావాలి. ఈ దారిలో కేబుల్ ఆపరేటరు తీగ తెగినా, రూటరుకు కరెంటు పోయినా, రెండు సంస్థల్లో ఏ ఒక్కదాని సర్వరు ఆగినా మాట పనిచేయదు. అది సహించవచ్చు, చేతితో స్విచ్చు వేసుకోవచ్చు అనుకుంటాం. మా ఇంట్లో ఆ చేతి స్విచ్చే లేకుండా చేశారు. మామూలు స్విచ్చులన్నీ పీకేసి, తొమ్మిది చోట్ల నున్నని గాజు టచ్ ప్యానెళ్లు పెట్టారు. చూడటానికి ఎంతో అందంగా ఉన్నాయి. చీకట్లో తడిమితే మాత్రం ఏ స్విచ్చు ఎక్కడుందో వేలికి తెలియదు. వయసుతో పొడిబారిన అమ్మ వేళ్ల స్పర్శను ఆ గాజు చాలాసార్లు గుర్తించేదే కాదు. ఆమె వేలి కొనను నాలుకకు తాకించి తడి చేసుకుని నొక్కడం చూసినప్పుడే నేను మేలుకోవలసింది.

కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఆ ప్యానెళ్లు మొదటి నుంచి మొదలై, నీలి దీపం మిణుకుమంటూ తమ సర్వరు కోసం వెతికేవి. సర్వరు దొరికేదాకా వేలితో నొక్కినా పలికేవి కావు. మొదట్లో ఒక నిమిషం పట్టేది. గత జూన్‌లో ఒక రాత్రి రెండింటికి కరెంటు పోయింది. మా అపార్ట్‌మెంటు జనరేటరు లిఫ్టుకూ మెట్ల దీపాలకూ మాత్రమే. ఇరవై నిమిషాలకు కరెంటు వచ్చింది కానీ, తొమ్మిది ప్యానెళ్లూ మిణుకుతూనే ఉండిపోయాయి. అమ్మ బాత్‌రూముకు లేచి, అట్ట మీద నేర్చుకున్న మాట చెప్పింది. పరికరం స్పందించడం లేదని స్పీకరు ఇంగ్లిషులో జవాబిచ్చింది. అది ఆమెకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పింది, గాజును నొక్కింది, చివరికి చీకట్లోనే నడిచి స్టూలు తగిలి పడింది. శబ్దానికి నేను లేచి ఫోను వెలుగులో చూస్తే, నేల మీద కూర్చుని మణికట్టు పట్టుకుని ఉంది. ఎక్స్‌రేలో ఎముక విరగలేదని తేలింది, మూడు వారాల కట్టుతో పోయింది. ఆ వయసులో తుంటి ఎముక విరిగి ఉంటే ఏమయ్యేదో నేను రాయలేను.

మరునాడు ఫోను చేస్తే సర్వరు మారుస్తున్నామని, రెండు రోజుల్లో సరిచేస్తామని చెప్పారు. వారం తరువాత ఫోను ఎత్తడం మానేశారు. సర్వరు మళ్లీ రానే లేదు, యాప్‌లో లాగిన్ కూడా కావడం లేదు. పేరున్న పెద్ద సంస్థ అయితే ఇలా జరగదని ధీమాగా ఉండటానికీ లేదు. అమెరికాలో ఇంటి స్మార్ట్ పరికరాలను కలిపి నడిపించే రివాల్వ్ అనే హబ్‌ను గూగుల్‌కు చెందిన నెస్ట్ సంస్థ కొని, 2016 మే 15న దాని సర్వర్లను ఆపేయడంతో దాదాపు 300 డాలర్లు పోసి కొన్న పెట్టెలు ఎందుకూ కొరగాకుండా పోయాయి. స్మార్ట్ స్విచ్చులు చేసే ఇన్‌స్టియాన్ అనే సంస్థ 2022 ఏప్రిల్‌లో ముందుగా చెప్పకుండా సర్వర్లు ఆపేసింది. అయినా దాని స్విచ్చులు గోడ మీద చేతితో పనిచేస్తూనే ఉన్నాయి. సర్వరు లేకపోతే చేతి స్విచ్చు కూడా పలకని వస్తువును మాకు అంటగట్టడమే నా ఫిర్యాదులోని ప్రధానాంశం.

తీగల సంగతి ఇంకా తీవ్రమైనది. ఇరవై ఏళ్లుగా మా ఇంటి పనులు చూస్తున్న ఎలక్ట్రీషియన్ గారిని పిలిచి ప్యానెళ్లు విప్పిస్తే, బాల్కనీ బోర్డు దగ్గరే ఆయన చెయ్యి ఆగిపోయింది. "ఏవండీ, ఇందులో న్యూట్రలే లేదండీ, ఎర్త్ తీగను న్యూట్రల్‌గా వాడేశారు" అన్నాడు. స్మార్ట్ స్విచ్చు ఎప్పుడూ మేలుకుని ఉండాలి కాబట్టి, చాలా రకాలకు కరెంటు తెచ్చే ఫేజు తీగ, దాన్ని తిరిగి తీసుకెళ్లే న్యూట్రల్ తీగ రెండూ కావాలి. ప్లగ్ పాయింటు ఉన్న బోర్డుల్లో న్యూట్రల్ ఉంటుంది. కేవలం స్విచ్చులే ఉన్న పాత బోర్డుల్లో తరచుగా ఉండదు. అలాంటి చోటికి కొత్త తీగ లాగాలి, లేదా న్యూట్రల్ అక్కర్లేని రకం పెట్టాలి. పని తొందరగా ముగించుకోవడానికి, లీకైన కరెంటును భూమిలోకి పంపడానికి ఉండే పచ్చ రంగు ఎర్త్ తీగను న్యూట్రల్ బదులు కలిపేశారు. ఎర్త్ తీగ ఎక్కడైనా తెగినా వదులైనా దానితో కలిసిన లోహపు వస్తువులకు కరెంటు పాకవచ్చు. ఈ పని జరిగినప్పటి నుంచి కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే మా ఆర్‌సీసీబీ స్విచ్చు పదేపదే పడిపోయేది. ప్రమాదం ఉందని అది చెబుతూనే ఉంది. దాన్ని తీసేయమని ఆ సంస్థ మనిషి సలహా ఇచ్చాడు. దేవుడి దయవల్ల నేను తీయించలేదు.

గీజరు బోర్డు విప్పితే 10 ఆంపియర్ల మాడ్యూలు బయటపడింది. 2000 వాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. కాగితం మీద సరిపోయినట్టే ఉంటుంది కానీ, గాలి ఆడని గోడపెట్టెలో తీగలు కుక్కి, మరలు సరిగ్గా బిగించకుండా రోజూ అంత కరెంటు పారిస్తే తీగ బిగించే టెర్మినల్ కాలుతుంది. మా మాడ్యూలు ఒక మూల గోధుమ రంగుకు తిరిగి, ప్లాస్టిక్కు కరిగి తీగకు అంటుకుపోయింది. గీజరు, ఏసీ, బోరు మోటారు వంటివాటిని మాట మీద నడిపించాలన్న మోజు వదులుకోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం. తప్పదనుకుంటే, ఆ భారానికి తగిన కాంటాక్టరు (ఎక్కువ కరెంటును తట్టుకునే స్విచ్చు) ద్వారా, తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత చేయించాలి.

ఇప్పుడు మా ఇంట్లో మామూలు స్విచ్చులన్నీ తిరిగి వచ్చాయి. అమ్మ గదిలోని దీపానికీ ఫ్యానుకూ మాత్రం స్విచ్చుల వెనుక చిన్న రిలే మాడ్యూళ్లు (కబురు అందితే కరెంటును కలిపి, తెంచే పరికరాలు) పెట్టించాను; చేతితో వేసినా పనిచేస్తాయి, మాటతో చెప్పినా పనిచేస్తాయి. ఇంటర్నెట్ లేకపోయినా ఇంటి వైఫై మీదనే ఫోనుతో నడిచే మ్యాటర్ ప్రమాణం 2022 అక్టోబరులో వచ్చింది, అది పాటించే రకమే ఎంచుకున్నాను. కరెంటు వచ్చాక స్విచ్చు ఏ స్థితిలో ఉండాలో ముందే నిర్ణయించుకునే వీలు కూడా ఇందులో ఉంది. ఫ్యాను విషయంలో ఒక మాట: మీది బీఎల్‌డీసీ ఫ్యాను (తక్కువ కరెంటుతో నడిచే కొత్త రకం) అయితే వేగం తగ్గించే స్మార్ట్ రెగ్యులేటరు దానికి పెట్టనివ్వకండి, ఫ్యాను పాడుకావచ్చు. రెండు మాడ్యూళ్లకూ కూలీకీ కలిపి అయిన ఖర్చు మొదట పెట్టినదానిలో ఇరవయ్యో వంతు కూడా లేదు.

కొనేవారు దుకాణంలో రూటరు నుంచి ఇంటర్నెట్ తీగ పీకించి, ఆ తరువాత మెయిన్ ఆపి మళ్లీ వేయించి, వెంటనే చేతితో దీపం వెలుగుతుందో లేదో చూడాలి. ఇందుకు ఒప్పుకోని చోట కొనవద్దు. మీ ఇంటి ప్రతి బోర్డునూ విప్పి న్యూట్రల్ ఉందో లేదో చూసిన తరువాతే అంచనా వేయమనండి. తీసేసిన పాత స్విచ్చులను పారేయకండి. స్పీకరు ఏ భాషలు వింటుందో, సర్వరు ఆగిపోతే బాధ్యత ఎవరిదో కొటేషన్ మీద రాయించుకుని, పూర్తి సొమ్మును పని చూసుకున్నాకే ఇవ్వండి.

నేను ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేశాను, నోటీసు పంపాను, ఇప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించాను. 2019 చట్టం కింద చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు ఫీజు లేదు, వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది. "తెలుగులోనే మాట్లాడుకోవచ్చండీ" అన్న ఆ వాట్సాప్ సందేశమే నా దగ్గర ఉన్న ముఖ్యమైన సాక్ష్యం. కాబట్టి బిల్లుతో పాటు సందేశాలనూ భద్రంగా దాచుకోండి.

ఇలాంటి ప్యాకేజీ ఇప్పటికే బిగించుకున్నవారు ఈ వారంలోనే మీకు నమ్మకమైన ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, మెయిన్ ఆపించి, ముందు గీజరు బోర్డును, ఆ తరువాత ప్లగ్ పాయింటు లేని బోర్డులను విప్పించి చూడండి. న్యూట్రల్ స్థానంలో పచ్చ తీగ కనిపిస్తే, దాన్ని విడదీయించేదాకా ఆ బోర్డును వాడకండి.