మెడ ఆపరేషన్ తర్వాత నీళ్లు పొలమారుతుంటే: థికెనర్ పొడి కొనాలా?

మింగేటప్పుడు పొలమారేవాళ్ల కోసం నీళ్లు, చాయ్ లాంటివి చిక్కబరిచేదే థికెనర్ పొడి. వాటిలో రిసోర్స్ థికెనప్ క్లియర్ మంచి పొడే. నీళ్లలో కలిపితే రంగు మారదు, పిండి వాసన రాదు, కాసేపు పక్కన పెట్టినా ఇంకా ఇంకా గట్టిపడదు. అయినా మెడ ఆపరేషన్ అయి మింగుడుపడని ప్రతి ఒక్కరికీ ఈ డబ్బా కొనిపెట్టడం డబ్బు దండగ. కొందరికైతే నష్టం కూడా.

మెడ ముందువైపు నుంచి చేసే ఏసీడీఎఫ్ ఆపరేషన్‌లో సర్జన్ అన్నవాహికను, శ్వాసనాళాన్ని పక్కకు లాగిపట్టి, వెన్నుపూసల మధ్యనున్న డిస్కు తీసి, ఆ చోట కేజ్ అనే చిన్న దిమ్మ పెట్టి, చాలాసార్లు ప్లేటు, స్క్రూలు బిగిస్తారు. ఆ లాగుడుకు వెన్నుపూసల ముందున్న మెత్తటి కండ వాస్తుంది. గొంతు వెనుక గోడ ఉబ్బి ముందుకొస్తే, మింగేటప్పుడు శ్వాసనాళం మీదికి మూతలా వాలాల్సిన ఎపిగ్లాటిస్ పూర్తిగా వాలదు. స్వరపేటిక నరం నలిగితే గొంతు బొంగురుపోతుంది, స్వరతంత్రులు సరిగ్గా మూసుకోవు. ఒకటికి మించి డిస్కులు తీసినవాళ్లకు, పెద్దవయసువాళ్లకు, అదే చోట రెండోసారి కోత పడినవాళ్లకు ఈ బాధ ఎక్కువ. చాలామందికి కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల్లో తగ్గిపోతుంది.

నల్లగొండ వైపు ఇంకో సంగతి ఉంది. ఫ్లోరోసిస్‌తో మెడ లిగమెంట్లు ఎముకలా గట్టిపడి వెన్నుపాము నొక్కుకుపోయినవాళ్లకు చాలాసార్లు మెడ వెనుక నుంచే ఆపరేషన్ చేస్తారు. అందులో అన్నవాహిక జోలికి పోరు. కాబట్టి డిశ్చార్జి కాగితంలో కోత ముందా వెనకా అన్నది చూడండి. వెనక నుంచి చేసినా నీళ్లు పొలమారుతుంటే వేరే కారణం ఉందేమో డాక్టర్‌తో వెతికించాలి.

ఇక పొడి ఎవరికి? నీళ్లు, చాయ్, పచ్చిపులుసు, పల్చటి సల్ల తాగితే దగ్గు వచ్చి, మెత్తటి అన్నం మాత్రం దిగేవాళ్లకు. పల్చటివి శ్వాసనాళం మూసుకునేలోపే జారిపోతాయి, చిక్కబడితే నెమ్మదిగా దిగుతాయి. అదే నీళ్లు బాగానే దిగి, జొన్నరొట్టె, గట్టి ముద్ద, మాత్రలు అడ్డం పడుతుంటే ఈ పొడి అక్కర్లేదు. వాచిన గోడ దగ్గర చిక్కటిది ఇంకా పేరుకుపోతుంది, కాసేపటికి అదే జారి శ్వాసనాళంలో పడొచ్చు. వీళ్లకు కావాల్సింది బాగా పిసికిన పెరుగన్నం, చిన్న ముద్దలు, మధ్యమధ్య గుక్కెడు నీళ్లు. మరో మాట: నీళ్లకు పొలమారేవాళ్లకు రొట్టె ముక్కలు తేలే పాలు, మెతుకులు తేలే పల్చటి సల్ల పెట్టొద్దు. ముక్క నములుతుండగానే ద్రవం ముందే జారుతుంది.

ఏ రకమో ఇంట్లో తేలదు, ఎందుకంటే దగ్గే రాకుండా నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయేవాళ్లూ ఉంటారు. మింగడాన్ని కూడా పరీక్షించే స్పీచ్ థెరపిస్ట్ చూసి, అవసరమైతే ముక్కులోంచి కెమెరా వేసో, బేరియంతో ఎక్స్‌రే వీడియో తీసో, ఎంత చిక్కదనం కావాలో లెవల్ నంబరు (1 నుంచి 4, నంబరు పెరిగేకొద్దీ చిక్కదనం ఎక్కువ) రాసిస్తారు. నంబరు లేని చీటీతో డబ్బా కొనకండి.

కలపడంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. గ్లాసు పొడిగా ఉండాలి. ముందు పొడి వేసి, నీళ్లు ఒకేసారి పోసి, ఫోర్కుతో వెంటనే గట్టిగా తిప్పాలి. లెవల్ 2కు 100 మి.లీ.కి ఒక స్కూపు, అంటే 1.2 గ్రాములు, గీసి సమం చేసి. నీళ్లయితే ఒకటి రెండు నిమిషాల్లో చిక్కబడతాయి. పాలు, పాలచాయ్ అలా కాదు, ఐదు నుంచి పది నిమిషాలు పడుతుంది, మధ్యలో మళ్లీ తిప్పాలి. చిక్కబడలేదని తొందరపడి పైనుంచి ఇంకో స్కూపు చల్లితే ఉండలు కడతాయి. ఉండ కట్టిన గ్లాసు పారబోయాల్సిందే.

కంటితో చూసి చిక్కదనం చెప్పలేరు. సూది, వెనక తోసే కాడ తీసేసిన 10 మి.లీ. సిరంజి చాలు, కాకపోతే సున్నా నుంచి 10 గీత దాకా 61.5 మి.మీ. ఉండాలి, స్కేలుతో కొలవండి. కింద వేలు అడ్డం పెట్టి 10 దాకా నింపి, వేలు తీసి, సరిగ్గా పది సెకన్లకు మళ్లీ మూయాలి. 1 నుంచి 4 మి.లీ. మిగిలితే లెవల్ 1, 4 నుంచి 8 మిగిలితే లెవల్ 2, 8కి మించి మిగిలితే లెవల్ 3, చుక్క కూడా కారకపోతే లెవల్ 4.

చవగ్గా వస్తుందని స్టార్చ్ పొడి తీసుకునేవాళ్లు రెండు విషయాలు చూసుకోవాలి. స్టార్చ్‌ను లాలాజలం కరిగిస్తుంది, నోట్లోనే పల్చబడుతుంది. గ్లాసులోనేమో నిలవ ఉంటే గట్టిపడుతూ పోతుంది. పైగా నొప్పి మాత్రలతో మలబద్ధకమై పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి వాడుతుంటే, అది స్టార్చ్‌తో కలిసిన వెంటనే నీళ్లలా పల్చబడుతుంది. థికెనప్ క్లియర్‌లో ఉన్నది జాంథన్ గమ్, లాలాజలానికి లొంగదు. ఇంట్లో రాగి అంబలి చిక్కగా కాచి ఇద్దామంటే వేడిగా ఒకలా, చల్లారాక ఒకలా ఉంటుంది, కొలతకు అందదు. ఆకలికి మంచిదే, నీళ్లకు బదులు కాదు.

థికెనప్ క్లియర్‌తో అసలు లోపం ఖర్చు. 125 గ్రాముల డబ్బాలో సుమారు 104 స్కూపులు. రోజుకు లీటరున్నర ద్రవానికి 15 స్కూపులు పోతే డబ్బా వారానికే ఖాళీ. రెండో లోపం, జిగురుగా ఉండటంతో తాగబుద్ధి కాక మనిషి నీళ్లు తగ్గించేస్తాడు. మూత్రం ముదురు పసుపుగా, తక్కువగా వస్తుంటే థెరపిస్ట్‌కు చెప్పాలి. మాత్రలు చిక్కటి నీళ్లలో ఇచ్చేముందు, నలగ్గొట్టే ముందు ఫార్మసిస్ట్‌ను అడగండి, కొన్ని నలపకూడదు.

పొడితో తీరని పరిస్థితులు కొన్ని ఉన్నాయి. ఆపరేషన్ అయిన మొదటి రోజుల్లో మెడ ఉబ్బి ఆయాసం, ఊపిరిలో కీచుమనే శబ్దం, ఉమ్మి కూడా మింగలేకపోవడం వస్తే వెంటనే ఎమర్జెన్సీకి. జ్వరం, కఫంతో దగ్గు వచ్చినా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించాలి. నెలల తర్వాత మింగుడు కొత్తగా చెడితే ప్లేటో స్క్రూనో కదిలిందేమో సర్జన్ ఎక్స్‌రే తీసి చూడాలి. కాలర్ గడ్డాన్ని మరీ పైకెత్తి పట్టినా మింగడం కష్టమవుతుంది. దాన్ని సర్జన్‌తోనే సరిచేయించండి, మీరు తీయొద్దు.

వాపు తగ్గేకొద్దీ లెవల్ మారుతుంది కాబట్టి ఒక్క డబ్బానే తెప్పించుకోండి. లోపల తడి చెంచా పడితే మిగిలిన పొడంతా గడ్డకడుతుంది.