టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ 0.1%: అరవై దాటాక వచ్చిన ఎగ్జిమాకి, చాలాకాలం వాడాక

నాకు 67 ఏళ్లు. చిన్నప్పుడు ఈ ఎగ్జిమా (దురద, దద్దుర్లు వచ్చే చర్మరోగం) బాధ లేదు, రిటైరయ్యాకే మోచేతి మడతల్లో, మెడ మీద, పిక్కల మీద మొదలైంది, పొద్దున లేచేసరికి దుప్పటి మీద రక్తపు మరకలు ఉండేవి, అంత గోకుడు. మెడికల్ షాపులో తామర అనేసి క్లోబెటసాల్ అనే గట్టి స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ ఇచ్చారు, రాసినన్నాళ్లూ తగ్గేది, ఆపగానే రెట్టింపయ్యేది, చివరికి మోచేతి దగ్గర చర్మం ఉల్లిపొరలా పల్చబడింది. ఆ తర్వాత వాడిన టాక్రోలిమస్‌లో స్టెరాయిడ్ లేదు కాబట్టి ఆ పల్చబడటం ఉండదు, నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

చుట్టాలంతా ఇమ్యూనిటీ తగ్గింది, తిప్పతీగ తాగు, చ్యవనప్రాశ తిను అంటారు. కానీ ఎగ్జిమా వచ్చేది ఇమ్యూనిటీ చాలక కాదు, అది దారి తప్పడం వల్ల. వయసు మీదపడ్డాక ఇన్‌ఫెక్షన్లతో పోరాడే శక్తి తగ్గుతుంది గానీ లోపల సన్నగా ఇన్‌ఫ్లమేషన్ (వాపు, మంట) మాత్రం పెరుగుతుంది, చర్మంలో నూనె, సెరమైడ్లు అనే కొవ్వులు తగ్గి పైపొర తేమని పట్టి ఉంచలేదు, అప్పుడు చిన్న సబ్బు నురగకే ఇమ్యూనిటీకి చెందిన టి కణాలు (ఒక రకం తెల్లరక్తకణాలు) రెచ్చిపోతాయి. ఈ మందు రాసినచోట ఆ టి కణాలనే అణుస్తుంది. కిడ్నీ మార్పిడి అయినవాళ్లు మింగేది కూడా ఇదే మందు, పూతగా రాస్తే రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ.

మొదటి వారం మంట మాత్రం గట్టిగానే ఉంటుంది, కారం చేత్తో ముట్టుకున్నట్టే. స్నానం చేసి ఒళ్లు పూర్తిగా ఆరాక రాస్తే, ట్యూబ్ ఫ్రిజ్‌లో పెట్టుకుంటే కొంచెం నయం. జిడ్డు చొక్కాకి అంటుకుంటుంది, పాత బనీన్ వేసుకోండి. 2006లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందు మీద క్యాన్సర్ గురించి హెచ్చరిక పెట్టించింది, అది చదివి మా అమ్మాయి కంగారు పడింది, అయితే పూత వల్లే వస్తుందని రుజువు కాలేదని డాక్టర్ వివరంగా చెప్పారు, రాసినచోట ఎండ తగలకుండా మాత్రం చూసుకుంటా.

ఇప్పుడు దద్దుర్లు లేకపోయినా వారానికి రెండుసార్లు పాతచోట్ల రాస్తా, రోజూ వాసన లేని వ్యాజలీన్ పట్టిస్తా, ఈ రెండోది మానేస్తే మందు సగమే పనిచేస్తుంది అనిపించింది నాకు.

పెద్దవయసులో కొత్తగా దురద మొదలైతే ముందు స్కిన్ డాక్టర్‌కి చూపించండి, గజ్జి కావచ్చు, ఆమ్లోడిపిన్ లాంటి బీపీ మాత్ర వల్ల కావచ్చు, అరుదుగా చర్మపు లింఫోమా (ఒక రకం క్యాన్సర్) కూడా ఇలాగే కనిపిస్తుంది, అవి కావని తేలాకే ఈ ట్యూబ్ కొనండి.